నాన్న నీలం

లౌషాలో పలకరాతి కప్పుల మీద
మంచు చప్పుడు లేకుండా పడుతోంది.
లోపల మంట ఒక్కటే బుసకొడుతోంది.

ఓర్ట్రున్ గాజుకడ్డీని తిప్పుతూనే ఉంది,
ఆపితే జారిపోతుంది,
తొందరపడితే వంకరపోతుంది.
తేనెపాకంలా సాగే ఎరుపు,
దాని పక్కన మీగడ తరకంత తెలుపు.
ఒక్క మెలిక!
రంగులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్ళి
తేటగాజులో, పరుగు మధ్యలోనే,
గడ్డకట్టిపోతాయి.

నీలం మాత్రం నాన్నది.
యుద్ధం నుంచి ఒంటికన్నుతో వచ్చినవాళ్ళని
ఎదురుగా కూచోబెట్టుకుని
ఉన్న కంట్లోకి చూస్తూ
లేని కంటికి రంగు కలిపేవాడు.
"ఇది చూడదమ్మా,
ఎదుటివాళ్ళు చూపు తిప్పుకోకుండా ఉండటానికి, అంతే."

ఆ కడ్డీ ఇప్పుడు అగ్గిపుల్లంత.
ఏడాదికి ఒక్క గోళీలోనే
వెంట్రుకంత నీలం గీస్తుంది.

చల్లారేసరికి తెల్లారింది.
పక్కింటి వీలాండ్ గోళీని కిటికీకెత్తి
ఒక కన్ను మూశాడు.
చర్చి తలకిందులు. పొగగొట్టాలు తలకిందులు.
"అవ్వా, మంచు పైకి కురుస్తోంది!"

తెరిచిన ఆ కంటినే చూస్తోంది ఓర్ట్రున్.
ఆకుపచ్చ, అంచున కాస్త గోధుమ,
మూడో అరలో కడ్డీ సరిపోతుం...

లెక్కని అక్కడే తుంచేసి
మంట తగ్గించింది.