బాకీ కింద ఆరు సీసాలు

హోటల్ మూసిన్నాడు
మూడు నెలల జీతం బాకీ కింద
ఆరు సీసాలు చేతుల పెట్టిండు మేనేజరు.
పాత యూనిఫాంల, తువ్వాలల్ల చుట్టి
మర్రిగూడ బస్సుల ఒళ్లె పెట్టుకున్న.
మాల్ దాటినంక ప్రతి గుంతకు
యూరప్ గల్లుగల్లుమన్నది.

పదకొండేండ్లు వాటి పేర్లు అప్పజెప్పిన.
ఎడమచెయ్యి వీపు ఎనక మడిచి
తెల్లగుడ్డ మీద చుక్క పడకుంట వంచిన.
తాగిందంటే,
గిన్నెలు కడిగే కాడ, నిలవడి,
ఎవరో ఇడిచిపెట్టిన అడుగు బొట్టు.

సువర్ణ ఒక్కో సీసాను లైటుకు అడ్డం పెట్టి చూసి
"గీటిని అమ్మితే బియ్యమొస్తయా?" అన్నది.
బిల్లు లేని సరుకు, ఎవడు కొంటడు.
"మరి కూరలకన్న కలుస్తయా?"
చూద్దామన్న.

ఎర్ర మాంసానికి ఎర్రది అని నేర్పిండ్రు గద,
ఆదివారం బోటి కూర ముందర బోర్డో తీసిన.
కారం మీద గ్యాస్‌నూనె పోసినట్టయింది.
సువర్ణ లోటెడు మజ్జిగ తాగి
నా దిక్కు చూసింది,
పదకొండేండ్లు ఏం నేర్చుకున్నవన్నట్టు.

తెల్లారి పచ్చిపులుసు.
చింతపండు, పచ్చి ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ
ఒక్క గుటక పోయినంక
ఇటలీ ఉత్త నీళ్లయింది.

సర్వపిండికి మాత్రం జర్మనీది కుదిరింది.
నువ్వులు, పల్లీలు, గంజు అడుగున మాడిన అంచు;
దాని పక్కన జర తీపి, ఆ తీపి ఎనక
నకిరేకల్ నిమ్మకాయ గిల్లినంత పులుపు.
మోకు భుజాన ఏసుకొని పోతున్న మల్సూరు మామను
పిలిచి గ్లాసిచ్చిన.
పోద్దాడు కాదు, పరుపుదాడు కాదు అని తల ఊపి
"ఏ పొద్దుటిది?" అన్నడు.
ఏడేండ్ల కిందిదన్న.
మామ గ్లాసు కింద పెట్టి నవ్విండు:
"నాది తెల్లారినప్పటిది బిడ్డా.
పొద్దుగూకితే నేనే తాగ."

ఐదోది నాకు చెప్పకుంటనే కోడికూరల పోసింది సువర్ణ.
పెద్ద హోటల్ల దానికో ఫ్రెంచి పేరుంటది,
ప్లేటుకు రెండువేలు.
నేను చెప్పలె. గిన్నె మాత్రం నాకిన.

అసలు ముచ్చట చాబ్లీది.
అండాలు చిన్నమ్మ గట్క తింటున్నది,
వంగిన వేళ్లతోని ఉల్లిగడ్డ నలుపుకుంట.
"నాకు పొయ్యవా?" అన్నది.
స్టీలు గ్లాసుల పోసిన. పుక్కిలించి, మింగి,
గోడ దిక్కు కాసేపు చూసి
"సున్నపు నేల నీళ్లు" అన్నది.

ఆ తోటలు ఒకప్పటి సముద్రం మీద ఉంటయని,
మట్టి నిండ గవ్వల సున్నమని
ప్రతి బల్ల కాడ చదివేటోన్ని.
నాకు ఏనాడూ నాలుకకు తాకలె.

ఎట్ల ఎరుకైందే చిన్నమ్మా?
"బడి కాడి బోరు చౌడు.
మోట బాయి తుప్పు వాసన.
చెరువు కట్ట కిందిది సప్పన.
ముప్పయేండ్లు బిందె నెత్తికెత్తే ముందల నాకి చూసిన."
గట్క ముద్ద నోట్లె పెట్టుకున్నది.
"అన్నిట్ల తియ్యంది పోశమ్మగుడి బోరు.
నా మోకాళ్లు తిన్నది అదే.
మిగిలినయన్ని రుచి పట్టిన బిడ్డా,
అదొక్కటే దొరకలె."

నాకు మాట రాలె.
"గిది ఎముకలకేమన్న పడ్తదా?" అన్నది,
పడదన్న.
"అయితే ఇంకింత పొయ్యి.
గట్కకు మంచిగనే ఉన్నది."

ఆరోది అటుక మీద, విత్తనాల సంచి పక్కకు పండుకున్నది.
లేబర్ ఆఫీసుల కాయితం పెట్టిన,
జీతం పడ్డనాడు ఏం వండితే అది, దాని జత.

చాబ్లీ ఖాళీ సీసా చిన్నమ్మ అడిగి తీసుకున్నది.
నల్లా ఇడిచినప్పుడు కృష్ణ నీళ్లు పట్టి
మంచం పక్కన పెట్టుకుంటది.
మూత తీసి, ఇప్పటికీ
ముందుగాల ఒక్క చుక్క నాలుక మీద ఏసుకొని
ఆగుతది.