పావలా వంతు నీళ్ళు

ముప్పై రెండేండ్లు జమ్మలమడుగు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద
పరాయివాళ్ళ వీలునామాలు రాసినాను.
"నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేక" అని
మొదలుకాని చావు నాకు తెలీదు.
ఇప్పుడు కళ్ళజోడు మందమైనాక
మావాళ్ళను వెతుక్కుంటా ఉన్నాను.

మా ఇంటిపేరు గంజికుంట.
అది ఊరిపేరంటాడు మా నాయన.
కాదబ్బా, ధాత కరువులో గంజి పోసిన కుంట అంటుంది
మా మేనత్త రూతమ్మ.
ఇద్దరూ పందెం తేలకుండానే పోయినారు.

చర్చి బీరువా తాళం తీసి
పాస్టరు జయశీలం పక్కకు జరిగినాడు.
అట్టల నడిమి నుంచి ముందు పురుగు తిన్న పొడి రాలింది,
ఆ తర్వాత పద్దెనిమిది వందల డెబ్బై ఏడు.
దొర చేతిరాత గాలికి పడిన జొన్నపైరు మాదిరి
అంతా ఒకే పక్కకు.
ఆ రాతలో మా పుల్లన్న పూలనా అయినాడు.
ఓబుళమ్మకు ఓ మిగిలింది,
మిగతా ఆమె ఏ మడతలో జారిపోయిందో.
ఇంటిపేరుకు దొర గడే గీయలేదు.
వృత్తి గడిలో మాత్రం తప్పు దొర్లలేదు: సేద్యం.

ఆ ఏడు బాప్తిస్మాలకు మూడు పేజీలు,
సమాధులకు పదకొండు.
చదువుతా చదువుతా ఉంటే ఒకచోట నా ఏలు నిలబడింది:

పేరు, తెలియదు.
తండ్రి, తెలియదు.
ఈడు, నాలుగేండ్లు ఉండవచ్చు.
దొరికిన చోటు, పెన్న ఇసకలో చెలమ పక్కన.
ఇచ్చిన పేరు మార్త.
సాక్షి పూలనా.

అయ్యో అనుకున్నాను, పేజీ తిప్పినాను.
మనది కాని పేరు దగ్గర ఎంతసేపు నిలబడతాం?

మూడు నెలలు పుల్లన్న కొడుకుల వెంట తిరిగినాను.
పెద్దోడు ఆ కరువులోనే.
నడిపోడు గుత్తి రైలుకట్ట పనిలో, కలరాకు.
చిన్నోడు పెండ్లి పుస్తకం దాకా రానేలేదు.
ముగ్గురి పేర్ల కిందా తెల్లకాగితం.
మరి నేను ఎవరికి పుట్టినట్టు?

జవాబు మా ఆఫీసులోనే ఉంది,
నేను కూర్చునే అరుగుకు గోడ అవతల,
మూడో నంబరు పుస్తకంలో.
పంతొమ్మిది వందల నాలుగు. గంజికుంట పుల్లన్న వీలునామా.
నాబోటి లేఖరి ఎవడో, చుక్కా కామా లేకుండా
ఒకటే పరుగు పెట్టినాడు:

"తెల్లరాళ్ళపల్లె పొలిమేరన నాలుగెకరముల ఎర్రచేను
కపిలబావిలో పావలా వంతు నీళ్ళు
జత కోడెలు రాగిబాన ఒకటి
ఇవన్నియు కరువునాడు మా యింటికి నడిచివచ్చిన మార్తకున్ను
యిల్లటము వచ్చిన దాని పెనిమిటికిన్ని
అది నా బిడ్డ కాదని దాయాదులు తగవు తెచ్చిన యెడల
అది గంజికి నిలబడిననాడు మీరు యాడ ఉంటిరని అడగవలసినది"

ఇట్లాంటి మాట నేను ఏ వీలునామాలోనూ రాయలేదు.
రాయమన్నోళ్ళు ఉన్నారు.
చట్టానికి పనికిరాదని కొట్టేసినాను.

ఇసకలో దొరికిందంట, దొర రాసినాడు.
నడిచొచ్చిందంట, పుల్లన్న రాయించినాడు.
నాలుగేండ్ల పిల్ల, ఎండిన పెన్న, ఆ ఎండ.
నేను పుల్లన్న మాటే నమ్ముతాను.

నిన్న తెల్లరాళ్ళపల్లెకు పోయినాను.
చేను ఎవరిదో, చీనీ తోట. నల్లపైపులు చుక్క చుక్కగా తడుపుతా ఉన్నాయి.
బావి మూలన ఉంది. నాపరాళ్ళ ఒరలో జిల్లేడు మొలిచింది.
రాయి వేసినాను.
శానాసేపటికి ఎండాకు చప్పుడు.
కాపలా పిల్లోడు వచ్చి "ఏం కావాల పెద్దాయనా" అన్నాడు.
పావలా వంతు నీళ్ళు అని ఎట్లా చెప్పేది?
"ఏంలేదులే నాయనా" అన్నాను.
వాడే సీసా ఇచ్చినాడు. తాగినాను.

రూతమ్మత్తే గెలిచిందేమో.
ఏం పందెం కట్టుకున్నారో
ఇద్దరిలో ఎవరూ రాసిపెట్టి పోలేదు.