బొటనవేలంత ఎత్తు

కోదండం చిన్న బండి తెచ్చి
నా షెడ్డు ముందర ఆపినాడు.
ఇంకా పదకొండు కంతులు కట్టాల్సిన బండి.
"ముక్కుకి ఒక రేకు కట్టాల మౌలాలన్నా,
ఇసక నెట్టాల" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా కావలిలో
గేట్లు అతికినా, గ్రిల్లులు అతికినా,
రొయ్యల గుంటల్లో ఏరేటర్లకి కాళ్లు అతికినా.
బండికి చీపురు కట్టమన్నోడు ఇతనొక్కడే.

తుమ్మలపెంటలో తుపాను పొయ్యి తొమ్మిది రోజులు.
నీళ్లు పోయినాయి. కరెంటు వచ్చింది.
ఇసక మాత్రం
చుట్టపుచూపుకొచ్చి మంచమేసుకుని పడుకుంది.
సిమెంటు బాటల మీద మోకాటి లోతు,
గడపల ముందర ఇంకా లోతు,
సరుగుడు చెట్లు సగం పూడి
పిల్ల చెట్లయినాయి.
జేసీబీ ఆ సందుల్లో పట్టదు.
పారలతో తీస్తే చేతులకి బొబ్బలు,
తెల్లారేసరికి గాలి మళ్లీ తెచ్చి పోస్తుంది.

నీళ్ల ట్యాంకర్ పొట్ట ఒకటి తుప్పుపట్టి పడుండె.
అందులో ఒక వంపు కోసినా.
వంపుంటేనే ఇసక చుట్టుకుని దొర్లుతుంది,
తిన్నటి రేకయితే ఎక్కి అద్దం మీదికొస్తుంది.
ఛాసిస్‌కి రెండు చెవులు, చెవుల్లో ఇనప చీలలు,
ఎత్తేదానికి ఒక పాత జాకీ.
రేకు ఎనకాల రెండు స్ప్రింగులు:
రాయి తగిలితే రేకు తల వంచాల,
బండి ముక్కు పగలకూడదు.
జానెడు ఎడమకి మళ్లించినా,
తీసిందంతా ఒక పక్కనే పడాలని.

కట్టి చూస్తే బండి ముందుకి ఒంగింది,
సజ్దా చేసినట్టు.
ఎనక చక్రాలు నేలని మర్చిపోయినాయి.
ఎనక బరువుండాల. ఏమేద్దాం?
కోదండం నవ్వినాడు,
"ఇసకే, ఇంకేముంది."
పన్నెండు బస్తాలు.
టైర్లలో గాలి సగం తీసినా.
వెల్డింగ్ సెట్టూ జనరేటరూ ఎక్కించి
బస్తాల మీద కూర్చుని నేనూ పోయినా.

మొదటి గడప చెంగమ్మది.
రేకు దించబోతే అడ్డం నిలబడింది.
"ఎంత లోతు గీకతావు?"
"నేల తగిలేదాకా."
"తగలకూడదు."
కింద పెయింటుతో వేసిన ముగ్గుందంట.
తోడికోడలు సుగుణ వేసిందంట,
వలల పంపకంలో మాటలు పోకముందు.
"మనిషితో మాట్లేదు.
ముగ్గేం చేసింది?"

సందులోనే జనరేటర్ తిప్పి
పాత లారీ కమాను పట్టీ రెండు ముక్కలు కోసి
రేకు కింద తొడిగినా, చెప్పుల మాదిరి.
వాటి మీద జారితే
రేకు నేలకి బొటనవేలంత పైనే పోతుంది.

బండి కదిలింది. ఇసక చుట్టుకుంది, దొర్లింది,
ఎడమపక్క కుప్పపడతా పోయింది.
ఎడమపక్క గడప ఎవరిదో
నాకు తెలీదు. రేకుకీ తెలీదు.
"ఆపబ్బయ్యా" అనింది చెంగమ్మ.

కాసేపు ఎవరూ ఏమీ అనలా.
పక్కింట్లో గడియ తీసి
మళ్లీ వేసుకున్న చప్పుడు.
చెంగమ్మ ఇంకేడనో చూస్తా,
"అటు పడనీబాక. సముద్రం దిక్కుకి తిప్పుకో."

తిప్పేదానికి రెండో బొక్క లేదు.
ఒక పక్కకే మళ్లేటట్టు కట్టింది నేనే.
రాత్రి ఎనిమిదిన్నరకి
కోదండం టార్చి పట్టుకుంటే
ఇంకో చీలకి ఇంకో బొక్క కొట్టినా.
దానికి డబ్బులు తీసుకోలా.

గడపకి నలభై రూపాయలు.
కొందరు ఎండుచేపలిచ్చినారు,
ఒకాయన రేపు రమ్మన్నాడు.
చెంగమ్మ వాకిట్లో మిగిలిన బొటనవేలంత ఇసక
ఆమే చీపురుతో తీసింది.
ముందు పచ్చ తేలింది, తర్వాత తెలుపు.
పక్కింటి తలుపు సందులోంచి
ఒక పిల్ల జారి వచ్చి
చుక్కకొక కాలు పెట్టి నిలబడింది.
ఎవరూ పొమ్మనలా.

ఇంటికొచ్చి చెప్పులు దులిపితే
పిడికెడు ఇసక.
గడప బయటే దులిపినా,
ఏ పక్క పడతా ఉండాదో
ఒకసారి చూసుకుని.