శంషాబాద్ పార్కింగ్‌ల అల్లిక

నవ్వుతె నవ్వు జాంగీర్ భాయ్.
క్యూల నా ముందు డెబ్బై రెండు బండ్లు,
నీ ముందు డెబ్బై మూడు.
నంబర్ వచ్చేదాంక ఏం జేస్తవ్?
ఇగో, ఈ క్రోషే సూది పట్టు.

పెన్ను లెక్క కాదు,
ఉల్లిగడ్డ కోసేటప్పుడు చాకు పట్టినట్టు.
పిడి సన్నగుంది కద,
సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టిన చూడు,
పంక్చర్ షాపాయన ఉత్తగనే ఇచ్చిండు.
మూడు గంటలు అల్లినా బొటనవేలు గుంజదు.

నాకు నేర్పింది సువార్తమ్మ.
నర్సాపురం మనిషి, సికింద్రాబాద్ స్టేషన్ల ఎక్కింది.
ఆరాంఘర్ కాడ జామ్‌ల గంటంపావు ఇరుక్కున్నం.
సిగరెట్ మానేసి నాకది పదకొండో రోజు,
స్టీరింగ్ మీద వేళ్లు దరువేస్తున్నయ్.
ఎనక సీట్ల నుంచి చూసింది. ఏం అడగలే.
"నీ చేతులు ఖాళీగా ఉన్నాయి బాబూ" అని
సంచిల నుంచి ఇంకో సూది తీసింది.
బండి కదిలేసరికి
నా ఒడిల జానెడు గొలుసు.

ఆ మొదటి గొలుసే అందరికి బిగుసుకుంటది.
దానికి ఒక నంబర్ పెద్ద సూది వాడు,
రెండో వరసకు చిన్నదానికి మారు.
దారం గుంజకు.
క్లచ్ మీద కాలు ఎట్ల ఇడుస్తవో
చూపుడువేలి మీద దారం అట్ల ఇడువు.

ఉండ ఒళ్లె పెట్టుకోకు.
ఒకసారి దొర్లి దొర్లి బ్రేక్ కిందికి పోయింది,
దేవుని దయ, బండి బంద్ ఉన్నది.
అప్పటి సంది నీళ్ల సీసా నడుమకు కోసి
ఉండను అందుల కూసోబెడ్తున్న,
మూతకు బొక్క, బొక్కల నుంచి దారం.
చాయ్ గ్లాస్ పెట్టే కాడ సరిగ్గ పడ్తది.

ఇరవై కుట్లకు ఒక పిన్నీసు గుచ్చు.
మా అంజవ్వ డబ్బాల పిన్నీసులు తగ్గుతున్నయని
ఇంట్ల పంచాయితి అయితుంది గని,
బుకింగ్ మోగిందంటె లెక్క యాదికుండదు భాయ్.
మోగంగనే ఆఖరి కుట్టుల ఇంకో పిన్నీసు వేసి
అప్పుడు ఫోన్ ఎత్తు.
లేకుంటె ఎయిర్‌పోర్ట్‌ల అల్లింది
మెహదీపట్నం పోయేసరికి దారమే మిగుల్తది.

నల్లదారం రాత్రి ముట్టకు.
ముట్టినవా, ఒడిల తెల్ల దస్తీ పరుచుకో,
కుట్ల నడుమ సందులు కనపడ్తయ్.
మే నెలల చెమటకు సూది జారదు, అతుక్కుంటది.
జర పౌడర్ రాసుకో.
పాసింజర్లు మంచి వాసనొస్తుందంటరు, అదొక లాభం.

సుల్తాన్ బజార్ల కొన్నప్పుడు
మొత్తం ఒక్కసారె కొను,
చుట్టిన కాగితం మీది నంబర్ కలుపుకొని చూడు.
నా స్టీరింగ్ కవర్ చూసినవ్ కద?
కుడి దిక్కు చిలకపచ్చ, ఎడమ దిక్కు గోరింటాకు పచ్చ.
దుకాణపాయన రెండూ ఒకటే అన్నడు.
ఎండల పెట్టి చూస్తె తెల్సింది.

తప్పు పోతది. నాది రోజు పోతది.
ఫోన్ చేసి సువార్తమ్మను అడిగిన,
ఎనిమిది వరసల కింద ఒక కుట్టు జారింది, ఏం జెయ్యాలె అని.
"విప్పెయ్" అన్నది.
"అంతా?"
"ఎనిమిదీ."
ఇంక మాట్లాడలే. టీవీ చప్పుడు ఇనపడ్డది.
విప్పినంక దారం సేమియా లెక్క వంకర్లు తిరిగింది.
తడిపి, వైపర్‌కు కట్టి,
కింద తాళంచెవుల గుత్తి వేలాడదీసిన.
తెల్లారేసరికి సాపైంది.
వానపడ్తదని ఎవరో అనుకున్నరట, వైపర్ లేసి ఉంటె.

తోకలు ఆఖరికి దాచుకుంటనంటవ్, దాచుకోకు.
రంగు మారినప్పుడల్ల కొసను
అప్పుడె మీది కుట్ల కింద పెట్టి అల్లుకుంట పో.
ఆఖరికి సగం పని తప్పుతది.
నాకీ ముచ్చట నాలుగు నెలలైనంక తెల్సింది,
నీకు ఇయాలనే చెప్తున్న.

అరె, నా నంబర్ వచ్చింది. గచ్చిబౌలి.
సూది తిరిగియ్యకు, నా కాడ ఇంకోటుంది.
సీసా కూడ ఉంచుకో, ఉండ జాగ్రత్త.
పొద్దుగాల సంది నువ్వు పాన్‌డబ్బా దిక్కు
నాలుగుసార్లు పోయొచ్చినవ్.
నేనేం అడగలే.