తలుపుకాడ ఆయమ్మ

ఎనిమిదో తరగతి తలుపుకాడ
ఆయమ్మ కొంగు కనబడంగనే
పెన్నుకు మూత పెడుత.
పేరు పిలిచే పని లేదు.
సారు బోర్డు దిక్కే చూసుకుంట "పో" అంటడు.
బెంచీలు వాటంతటవే జరిగి
తోవ ఇస్తయ్.

ఈ యేడు నా చదువు సగం సగమే.
సైన్సుల ఎండ దాకా వచ్చిన,
ఆకు దాకా రాలె.
మా వరంగల్ కోట ఎవరు కట్టిండ్రో తెలుసు,
ఎట్ల కూలిందో తెల్వదు.

మూడో తరగతిల మా వర్షిత్
బల్ల కింద ఉంటడు,
లేకుంటే కిటికీ ఊచల మీద ఉంటడు,
లేకుంటే ఎవని చెయ్యో వీని పండ్ల నడుమ ఉంటది.
గంట కొడితే
చెవులల్ల సీసం పోసినట్టు ఒర్లుతడు.
"ఎందుకు చేసినవ్‌రా?"
అందరడుగుతరు.
వాడు నిజంగనే యాది చేసుకుంటడు,
వేరే పోరడెవడో చేసిన పని లెక్క.

ఎం.జి.ఎం.ల డాక్టరమ్మ
చీటీ మీద పొడుగు పేరొకటి రాసింది.
అమ్మ దాన్ని మడిచి రేషన్ కార్డుల పెట్టింది.
పెద్దసారుకు చూపిస్తే
అద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని
"అల్లరికి ఇంగ్లీషు పేరమ్మా ఇది" అన్నడు.
కొత్తవాడల తెలుగు పేర్లకు కరువు లేదు.
మొండోడు. కోతి. గాలి సోకింది.
తల్లి పెంపకం.
ఈ ఆఖరుదాన్ని నల్లాకాడ
అమ్మ బిందె నిండేదాకా ఆగి మరీ అంటరు.

బాపు ఒక్కసారే కొట్టిండు.
కొట్టినంక రెండు రోజులు
మగ్గం గుంతల కాళ్లున్నయ్ గని మనిషి లేడు.
జంపఖానా అంచుల ఎర్ర గీత వంకర పోయింది.
సేటు సగం పైసలు కోసి, సరుకు మల్లగొట్టిండు.
అది మా ఇంట్లనే పరిచినం.
వర్షిత్ ఆ వంకర గీత మీదనే పండుకుంటడు,
ఏలితోని దాన్ని రాసుకుంట, రాసుకుంట,
నిద్ర పట్టేదాకా.

నాయనమ్మ మేడారం మొక్కింది,
పోరడు నిమ్మళమైతే నిలువెత్తు బంగారం అని.
నిమ్మళం కాకముందే తోలుకపోయినం,
అమ్మలు ముందే ఎరుక చేసుకుంటరని.
కాటాల కూసుంటే గద!
ఒక దిక్కు బెల్లం, ఒక దిక్కు వీని దుంకుడు.
బెల్లం లేస్తది, పడతది, లేస్తది.
ఎనక లైను కొసరాకొసరా అరుస్తుంటే
బెల్లమాయన అందాజకు
"ఇరవై రెండు కిలోలు రాస్కో" అన్నడు.
ఇప్పటికీ నాయనమ్మకు గుబులే,
అమ్మలకు బాకీ పడ్డమేమో అని.
నన్నడిగితే చెప్పేదాన్ని.
మూడో తరగతి కాడికెళ్లి గేటు దాకా
తన్నులు తినుకుంట ఎత్తుకపోయేది నేనే.
ఇరవై నాలుగున్నర.
ఏడ్చి ఏడ్చి ఆగినంక
ఇంకజర ఎక్కువ.

దసరా సెలవులైనంక నస్రీన్ టీచర్ వచ్చింది.
అమ్మను పిలువలె, నన్ను పిలిచింది.
"గంట కొట్టకముందు వాడేం చేస్తడు?"
ముందు సంగతి అడిగినోళ్లు
అప్పటిదాకా ఎవరూ లేరు.
"ఎడమ చేతి ఏలు నోట్లె పెట్టుకుంటడు టీచర్."
పుస్తకంల రాసుకున్నది.
ఇప్పుడు ఏలు నోట్లెకు పోతే
సుద్దముక్కల డబ్బా ఇచ్చి ఆఫీసుకు తోలుతది.
డబ్బా ఖాళీదే.
వానికీ తెలుసు.
అయినా రెండు చేతులతోని
పడిపోకుండ పట్టుకపోతడు.

రోజూ ఇట్లనే అని చెప్ప.
సోమారం ఒక పోరని నీళ్ల సీసా గోడకు కొట్టి పలగ్గొట్టిండు.
ఆ పోరని అమ్మ గేటుకాడ
మా అమ్మను అన్న మాటలు
ఈడ రాయ.
అమ్మ ఆ సీసా పైసలు
చీర కొంగు ముడి ఇప్పి, లెక్కబెట్టి ఇచ్చింది.
చిల్లర తీసుకోలె.

నిన్న ఆయమ్మ రాలె.
మూడో పీరియడు రాలె,
నాలుగోదానికీ రాలె.
పాఠం మొదటికెళ్లి చివరి దాకా
నా కండ్ల ముంగటనే అయిపోయింది.
సారు "సమజైందా?" అనడిగితే
అందరితోని నేనూ తలూపిన.
ఒక్క ముక్క ఎక్కలె.
చూసుకుంటే
పెన్నుకు మూత పెట్టే ఉన్నది.