మందం తగ్గలే

రామగుండం. షట్‌డౌన్ మూడో రోజు.
యాసిడ్ లైనుల నుంచి ఊడదీసిన వాల్వు స్పిండిల్‌కు
గేజీ పెట్టి సూసిండు సారు:
మందం తగ్గలే, రాసుకో.

ఓదెలు స్పానర్‌తోని ఒక్కటి ఏసిండు.
మోగలే.
తడిసిన కట్టె లెక్క దబ్బుమన్నది.

గీకితే లోపలంత ఎరుపు.
నికెల్ ఏండ్లకేండ్లు
ఒక్కొక్క అణువుగ, సప్పుడు లేకుండ
యాసిడ్‌లకు దిగిపోయింది.
రాగి ఒక్కతే మిగిలింది,
పోయినోళ్ల జాగలు ఖాళీగనే ఉంచి
పాత ఆకారాన్ని పట్టుకొని.

క్యాంటీన్‌ల ఉల్లిగడ్డలు తూసే తరాజు తెచ్చినం.
ఒక దిక్కు కొత్తది, ఒక దిక్కు ఇది.
ఇది లేసింది పైకి.

రిజిస్టరుల మందానికి గడి ఉన్నది,
బరువుకు లేదు.
ఓదెలు అంచుల వంకర అక్షరాలతోని రాసిండు:
చేతిల పట్టుకొని సూడుండ్రి.