ఐదో అంశం

పదకొండేండ్లుగా మినిట్స్ పుస్తకం నాదే.
కర్నూలు మిషన్ కాంపౌండులో, రేకుల హాలులో,
మే నెల మూడో మంగళవారం,
ఎవరు ప్రతిపాదించినారో, ఎవరు బలపరిచినారో
నీలి సిరాతో రాస్తాను.
'ఏకగ్రీవంగా' అన్న మాటను
నా చెయ్యి నన్నడగకుండానే రాసేస్తుంది.

వేదిక వెనక కొత్త ఫ్లెక్సీ.
గులాబీ నడుమ గుండె, గుండె నడుమ సిలువ ఉండాల.
ప్రింటింగ్ షాపు పిల్లోడికి అది పువ్వని తెలీక
టమాటా రంగు కొట్టిచ్చినాడు.
పత్తికొండ డెలిగేట్లు ఒకరినొకరు గిల్లుకున్నారు:
"సంతలో రేటు లేకపోయినా
ఈడ గోడెక్కింది సూడప్పా."

ప్రార్థన. కోరం లెక్క. ఓటున్నవాళ్లు నూట పన్నెండు.
ప్రభువునందు నిద్రించినవాళ్ల పేర్లకు అందరం లేచినాం.
కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు
పేర్లకన్నా ఎక్కువసేపుంది.
నాలుగో అంశం జీపు.
జీపు అమ్మాలా, ఇంజను దింపాలా,
గంటన్నర.
ఉగ్గాని చల్లారిపోయింది.
బజ్జీలు మాత్రం ఎప్పుడో అయిపోయినాయి.

ఐదో అంశం: బకాయిలు.
కోశాధికారి ఓబేదు గారు అద్దాలు తుడుచుకోని
సంఘం పేరు, కట్టవలసింది, కట్టింది,
స్టేషన్లో రైళ్ల రాక చెప్పినట్టు
ఒకే గొంతుతో చదువుతూ పోయినాడు.
"బండలపల్లె. పద్నాలుగు కుటుంబాలు.
కట్టవలసింది ఎనిమిదివేల నాలుగొందలు.
కట్టింది సున్న. ఇది మూడో ఏడు.
నిబంధన ప్రకారం ఓటు లేదు."

వెనక వరసలో, ఫ్యాను గాలి అందనిచోట
ఒకామె లేచింది.
పేరడిగితే ఎలీసమ్మ అనింది.
మైకు ఇస్తే పట్టుకోలా.

"అయ్యా, మా సంఘం ఊర్లో లేదు.
సుగ్గికి పోయింది.
గుంటూరు పక్క మిరపచేలల్లో
టార్పాలు గుడిసెలేసుకోని ఉండాది.
క్రిస్మస్ అయిన మూడోనాడు లారీ ఎక్కినోళ్లు
మట్టలాదివారానికి గూడా రాలా.
పద్నాలుగిండ్లలో పన్నెండిండ్లకు బీగాలు.
ఆదివారం గంట నేనే కొడతా.
కొట్టి, నేనే లోపలికి పోయి కూర్చుంటా.
కానుక పట్టేదీ నేనే, ఏసేదీ నేనే."

కాళ్లకాడి సంచిలోంచి
మూతున్న పెయింటు బకెట్టు తీసి బల్లమీద పెట్టింది.

"వండేముందర పిడికెడు తీసిపెట్టమన్నారు గదా.
వాళ్లు ఆడగూడా తీసినారు,
మూడురాళ్ల పొయ్యి కాడ.
ఊరికొచ్చే ఒక పిలగానికిచ్చి పంపినారు.
లెక్కలో రాసుకోండి."

మూత తీసేసరికి
ముందు వరసలో పెద్దాయన తుమ్మినాడు.
తర్వాత రెండో వరస.
తర్వాత అధ్యక్షులు పరంజ్యోతయ్యగారు, మైకులోనే.
బియ్యం నిండా మిరప ఘాటు.
ఒక్క నిమిషం సభ మొత్తం
కండ్లు తుడుచుకుంది.
ఎవరిది ఘాటుకో ఎవరిది కాదో
విడదీసి రాసే వీలు ఆ పుస్తకంలో లేదు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్," అన్నాడొకాయన.
"బియ్యాన్ని వంతు కింద కట్టుకునేదానికి నిబంధన లేదు."
నిజమే, లేదు.
ఆ నిబంధన ముసాయిదా రాసింది నేనే,
ఇదే కుర్చీలో, ఇదే నీలి సిరాతో.

ఓబేదు గారు బకెట్టును చేత్తో ఎత్తి చూసినాడు.
"ఎనిమిది కేజీలుంటాది" అన్నాడు,
అడగనివాళ్లకు చెప్పినట్టు.
సున్న మీద పెన్ను పెట్టి చానాసేపు ఆగినాడు.
చివరికి సబ్ కమిటీకి పంపాలని తీర్మానమైంది.
ప్రతిపాదించినారు, బలపరిచినారు,
ఏకగ్రీవంగా.

ఆరో అంశానికి చేతులెత్తమన్నారు.
లెక్కపెట్టేదీ నేనే.
ఎలీసమ్మ అటూ ఇటూ చూసి
ఆగుతుందో ఆగదో తెలీని బస్సుకు ఎత్తినట్టు
సగం ఎత్తింది చెయ్యి.

అనుకూలం, ప్రతికూలం కలిపితే
నూట పదమూడు.
ఓబేదు గారు నా పుస్తకంలోకి తొంగిచూసి
అంకె దగ్గర ఆగి,
తుమ్మొచ్చినట్టు
మొహం పక్కకు తిప్పుకున్నాడు.